బియ్యం మూటతో రామారావుపేటకి

ఆదివారం

ఆదివారం సాయంత్రం అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళే బస్సుల్లో సగం మంది చదువుకునే పిల్లలే ఉంటారు. శనివారం ఇంటికొచ్చి, బట్టలు ఉతుక్కుని, అమ్మ చేతి కూరతో నాలుగు ముద్దలు ఎక్కువ తిని తిరుగు ప్రయాణమవుతారు. ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర ఒక సంచి. అందులో ఏముంటాయో విప్పి చూడక్కర్లేదు, కోనసీమలో అందరికీ తెలిసిందే. ఇంటి బియ్యం, ఆవకాయ సీసా, ఒలిచిన కొబ్బరికాయలు, సున్నుండలో జంతికలో ఒక డబ్బా.

మా మేనకోడలికి ఈ ఏడాది కాకినాడ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. వాళ్ళ నాన్న, అంటే మా అన్నయ్య, ఊడ్పుల్లో పడి కదల్లేని పరిస్థితి. "నువ్వయితే నలుగురినీ అడిగి తెలుసుకుంటావు. దగ్గరుండి చేర్పించి, మంచి గది చూసిపెట్టి రా" అని నాకు అప్పజెప్పాడు. మాతో పాటు పాతిక కేజీల బియ్యం మూట కూడా బస్సెక్కింది. "కాకినాడలో బియ్యం దొరకవా నాన్నా?" అని పిల్ల అడిగితే అన్నయ్య ఏమీ అనలేదు. మూట మూతికి ఇంకో కుట్టు వేశాడు.

ముమ్మిడివరం, మురమళ్ళ దాటి బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కింది. శ్రావణమాసం కదా, గౌతమి ఎర్రటి నీళ్ళతో నిండుగా ఉంది. కిటికీ పక్కన కూర్చున్న మేనకోడలు ఫోన్లో ఫోటోలు తీసుకుంటోంది. నాకు మాత్రం ఒకప్పుడు ఏరు దాటించిన పంటు, అంటే పెద్ద పడవ, గుర్తొచ్చింది. మా తరం ఆడపిల్లలకి కాకినాడ చదువంటే ఏటి అవతలి మాట. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి యానాంలో దిగాలి. వరదొచ్చి పంటు ఆగిపోతే రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి రావాలి. "ఆడపిల్లవి, ఆ ఏరు దాటి ఏం వెళ్తావులే" అన్న ఒక్క మాటతో ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. నాతో పాటు బెంచీ మీద కూర్చున్నవాళ్ళే వాళ్ళంతా.

ఈ వంతెన 2002లో వాడకంలోకి వచ్చింది. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగానే ఆ ఏడాది హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన జి.ఎం.సి. బాలయోగి పేరు దీనికి పెట్టారు. ఆయన ఈ కోనసీమవాడే. మనం కాటన్ దొరకి దణ్ణం పెట్టుకుంటాం. పెట్టుకోవలసిందే. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారబట్టే డెల్టాలో వరి నిలదొక్కుకుంది. ఆ వరి డబ్బే తరాల తరబడి పిల్లల కాలేజీ ఫీజులు కట్టింది. అయితే ఆ చదువు ఆడపిల్లల దాకా రావడానికి ఈ వంతెన చేసిన మేలు కూడా తక్కువది కాదు. ఈ మాట ఎవరూ అనుకోగా నేను వినలేదు, అందుకే రాస్తున్నాను.

యానాం, తాళ్ళరేవు, కోరంగి మడ అడవుల పక్కనుంచి చొల్లంగి మీదుగా కాకినాడ చేరేసరికి దీపాలు పెట్టారు. గాంధీనగర్లో మా పెదనాన్నగారి అమ్మాయి ఇల్లు. అక్క వేడివేడిగా కంద బచ్చలి కూరతో అన్నం పెట్టింది. తిని పడుకున్నాం.

సోమవారం

పొద్దున్నే భానుగుడి సెంటర్లో దిగాం. కాకినాడ వీధులు తిన్నగా, ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి. కొత్తవాళ్ళు కూడా తేలిగ్గా దారి పట్టుకోవచ్చు. ఈ ఊరికి పెన్షనర్ల స్వర్గం అని పేరు. ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు ఇక్కడ ఇల్లు కట్టుకుని స్థిరపడటం మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. రామారావుపేటలో నడుస్తుంటే ఆ పేరు ఎంత నిజమో తెలుస్తుంది. కింద వాటాలో పడక్కుర్చీ, పేపరు, తులసికోట. మేడ మీద తీగ మీద వరసగా ఆరేసిన జీన్ ప్యాంట్లు, టీషర్టులు. ముసలివాళ్ళు కింద, చదువుకునేవాళ్ళు పైన. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడిన ఇళ్ళలో మేడ గదులు ఎవరో ఒకరి పిల్లలతో నిండిపోతున్నాయి. ఈ పేట నడక అంతా ఆ రెండు వాటాల మధ్యనే.

యూనివర్సిటీకి నాగమల్లితోట మీదుగా ఆటోలో వెళ్ళాం. ఈ కాలేజీ 1946లో విజాగపట్నం ఇంజనీరింగ్ కాలేజీ అన్న పేరుతో పుట్టి కాకినాడకి వచ్చింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కలిసింది. 2008లో కాకినాడ జె.ఎన్.టి.యు. విడిగా ఒక విశ్వవిద్యాలయమైంది. గేటు లోపల పెద్ద చెట్లు, వాటి కింద సర్టిఫికెట్ల ఫైళ్ళు గుండెకి హత్తుకున్న తల్లిదండ్రులు. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన కొడుకు ర్యాంక్ కార్డు తలకిందులుగా పట్టుకుని జాగ్రత్తగా చూసుకుంటున్నాడు. ఆయన పక్కన క్యూలో నిలబడటం నాకు గొప్పగా అనిపించింది.

టెన్త్ మెమో, ఇంటర్ మార్కుల జాబితా, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అలాట్‌మెంట్ లెటర్. అన్నీ ఉన్నాయి కానీ జిరాక్సులు ఇంకో సెట్టు కావాలన్నారు. పరుగెత్తాం. విద్యార్థులున్న పేటలో అన్నిటికన్నా ముందు తెరిచి, అన్నిటికన్నా ఆఖర్న మూసేది జిరాక్సు కొట్టే. అక్కడ జిరాక్సు ఒక్కటే కాదు, స్పైరల్ బైండింగ్, ల్యాబ్ రికార్డులు, గ్రాఫ్ షీట్లు, పాత ప్రశ్నపత్రాల కట్టలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ ఉంటాయి. కొట్టతను మేనకోడలి మొహం చూసి, "ఫస్టియరా అమ్మా? డ్రాయింగుకి డ్రాఫ్టర్ కొనేశారా?" అన్నాడు. లేదంటే కౌంటర్ కింది నుంచి ఒక పొడుగాటి రెగ్జిన్ సంచి తీశాడు.

ఇంజనీరింగ్ డ్రాయింగు గీతలు గీసుకునే ఆ మినీ డ్రాఫ్టర్ని కాసేపు చేతిలో పెట్టుకుని చూశాను. స్టీలు కడ్డీలు అక్కడక్కడా మెరుపు తగ్గాయి. స్కేలు మీద అంకెలు అరిగినా చదవొచ్చు. సంచి లోపలి వైపు బాల్‌పెన్నుతో ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి: సివిల్, ఒక ఏడాది, మెకానికల్, ఇంకో ఏడాది, ట్రిపుల్ఈ, ఆ తర్వాతి ఏడాది. ఒకచోట "ఆల్ ది బెస్ట్ జూనియర్" అని. పేర్లు లేవు. ఫస్టియర్ అయిపోగానే సీనియర్లు దీన్ని ఇక్కడ ఇచ్చేసి వెళ్తారట. అతను సగం ధరకి తీసుకుని, పైన కొద్దిగా వేసుకుని అమ్ముతాడు. "కొత్తది కొంటే కొనుక్కోండి, అదీ ఉంది. కానీ దీంతో గీసినవాళ్ళెవరూ ఫెయిలవలేదండి" అన్నాడు. మేనకోడలు ఇంకేం ఆలోచించలేదు, అదే తీసుకుంది. ఆ సంచిలో తన బ్రాంచి ఎప్పుడు రాయాలని అడిగితే, "ఇచ్చేసేటప్పుడు రాయాలమ్మా, ఇప్పుడు కాదు" అన్నాడు.

హాస్టల్ సీట్ల జాబితా తర్వాత పెడతామన్నారు. అంతదాకా బయట గది చూసుకోవాలి.

మంగళవారం

ఈ రోజంతా గది కోసం తిరగడమే. రామారావుపేట, శాంతినగర్, భానుగుడి వెనకవీధులు. గోడల మీద, కరెంటు స్తంభాల మీద కాగితాలు: టు-లెట్, లేడీస్ హాస్టల్, వైఫై ఉంది, ఏసీ, నాన్ ఏసీ, భోజన వసతి కలదు, ఫ్యామిలీలకి మాత్రమే. వాటి పక్కనే బ్యాంకు కోచింగు, డీఎస్సీ కోచింగు, ఎస్ఐ, కానిస్టేబుల్ కోచింగుల బోర్డులు. ఇంజనీరింగు, మెడికల్, డిగ్రీ పిల్లలే అనుకుంటాం గానీ, డిగ్రీ అయిపోయి ఉద్యోగ పరీక్షలకి చదువుకుంటున్నవాళ్ళు ఈ వీధుల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ టెన్షన్ వేరు. వాళ్ళు కాలేజీ పిల్లల్లాగా గుంపుగా నవ్వుకుంటూ నడవరు. చేతిలో కరెంట్ అఫైర్స్ పుస్తకం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒంటరిగా టీ. ఇంట్లోవాళ్ళు "ఇంకెన్నాళ్ళు" అని అడిగే వయసు వాళ్ళది. వాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

మొదట చూసిన ఇల్లు బాగుంది. గాలి, వెలుతురు, అటాచ్‌డ్ బాత్రూమ్. ఇంటాయన మర్యాదగా కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఏ ఊరు, ఎవరి పిల్ల, నాన్నగారేం చేస్తారు అని అన్నీ అడిగాడు. చివరికి గొంతు కాస్త తగ్గించి, "ఏమీ అనుకోకండి, మీరేమిట్లండీ?" అన్నాడు. గోదావరి జిల్లాల్లో ఆ ప్రశ్నకి అర్థం చెప్పక్కర్లేదు. మనవాళ్ళ మర్యాద మాటల్లోనే ఆ ప్రశ్న దాక్కుని ఉంటుంది, అందుకే అది ఎక్కువ నొప్పి పెడుతుంది. మా కులం చెబితే ఆ గది మాకు వచ్చేదే. అయినా నేను చెప్పలేదు. "గదికీ దానికీ సంబంధమేముందండీ?" అన్నాను. "అబ్బే, ఊరికే" అన్నాడు. మేం లేచి వచ్చేశాం.

మెట్ల దగ్గర ఒక తల్లీ కూతురూ నిలబడి ఉన్నారు. మాకన్నా ముందు అదే గది చూశారట. ఆ ప్రశ్నకి వాళ్ళు నిజం చెప్పారు. "వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారమ్మా" అన్నాడట ఇంటాయన. అలా అన్న పావుగంటకే మాకు ఆ గది చూపించాడు. తల్లి కళ్ళు తుడుచుకోలేదు, కోప్పడలేదు. "మాకు అలవాటేనండి. పిల్లకి కొత్త" అంది. ఆ అమ్మాయిది కూడా కోనసీమే, మా మేనకోడలి కాలేజీయే, వేరే బ్రాంచి. పిల్లలిద్దరూ అప్పటికే ఫోన్ నంబర్లు మార్చుకుంటున్నారు. ఇక నలుగురం కలిసే వెతికాం.

మధ్యాహ్నం దాటాక ఒక మామ్మగారి ఇల్లు దొరికింది. ఎనభై ఏళ్ళకి దగ్గర్లో ఉంటారు, మనిషి సన్నగా, మాట కరుగ్గా. మేడ మీద మూడు గదులు. రెండింట్లో అప్పటికే రంగరాయ మెడికల్ కాలేజీ అమ్మాయిలు, పాలిటెక్నిక్ అమ్మాయిలు ఉన్నారు. మూడోది ఖాళీ. ఆవిడా ప్రశ్నలడిగారు. "నీళ్ళు కుళాయి తిప్పి వదిలేస్తారా? రాత్రి ఫోన్లో గట్టిగా మాట్లాడతారా? కుక్కర్ పెట్టుకుంటారా, బయట తింటారా?" అంతే. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, కుక్కర్ పెట్టుకుంటాం అన్నారు. "అయితే బియ్యం ఇంటివేనా?" అన్నారావిడ. మూట సంగతి చెప్పాం. "మంచిది. ఇంటి బియ్యం తిన్న పిల్ల త్వరగా బెంగపెట్టుకోదు" అని తాళం చేతికిచ్చారు.

సాయంత్రం సామాను చేర్చాక ఆవిడ అరుగు మీద కూర్చుని పాత మాటలు చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ పుట్టింట్లో వారాల అబ్బాయిలు భోంచేసేవారట. ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లవాడికి సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం. అలా చదివి పెద్ద ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు ఎందరో. "గొప్ప ధర్మమే కానీ, మా పంక్తిలో మా వాళ్ళకే అన్నం. మిగతా పిల్లలు ఎక్కడ తిన్నారో అప్పుడు మేం అడగలేదు" అన్నారు మామ్మగారు. ఆ వయసులో ఆ మాట అంత సూటిగా అనగలిగిన మనిషిని నేను ఎక్కువగా చూడలేదు. ఆవిడకి ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళంటే గౌరవం. "అవి వచ్చాకే కదమ్మా అందరి పిల్లలూ ఈ ఊళ్ళో కనపడటం మొదలైంది" అన్నారు.

బుధవారం

పిల్లలు క్లాసులకి వెళ్ళారు. నేను పి.ఆర్. కాలేజీ చూసి రావాలనుకున్నాను. రాజా రామమోహనరాయ్ రోడ్డు వైపు నడిచాను. మెక్లారిన్ హైస్కూలు దాటి ఆ పాత భవనాలు కనపడగానే అడుగు నెమ్మదించింది. 1852లో స్కూలుగా మొదలైన సంస్థ అది. 1884లో కాలేజీ అయింది. పిఠాపురం రాజావారి పేరు మీదే ఇప్పటికీ నడుస్తోంది.

నాకు ఆ కాలేజీ అంటే రఘుపతి వెంకటరత్నం నాయుడుగారే. 1904 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాల్. బ్రహ్మసమాజంలో మనిషి. ఆ రోజుల్లో మగపిల్లల కాలేజీలో ఆడపిల్లలని చేర్చుకుని కూర్చోబెట్టారు. అంటరానివాళ్ళంటూ సమాజం దూరం పెట్టిన కులాల పిల్లలకి తలుపు తెరిచారు. జీతంలో చాలా భాగం పేద విద్యార్థుల ఫీజులకీ, తిండికీ పోయేది. ఆయన మాట మీద గురి ఉన్న పిఠాపురం మహారాజా సూర్యారావు గారు అనాథ పిల్లలకి ఆశ్రమం పెట్టించారు. తర్వాత నాయుడుగారు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, సర్ బిరుదూ వచ్చింది. కానీ ఆయన అసలు పని ఈ వీధుల్లోనే జరిగింది. ఎవరి పిల్లలు చదువుకోవచ్చు, ఎవరితో కలిసి కూర్చోవచ్చు అన్న ప్రశ్నకి ఆయన వందేళ్ళ క్రితమే ఇక్కడ జవాబు చెప్పారు. నిన్న ఆ ఇంటాయన గొంతు తగ్గించి అడిగింది ఆ జవాబు తెలియక కాదు. తెలిసీ, తన మేడ మెట్ల దాకా దాన్ని రానివ్వక.

జగన్నాథపురంలో మల్లాడి సత్యలింగ నాయకర్ గారి ధర్మసంస్థ కూడా ఇలాంటిదే. మత్స్యకార కుటుంబంలో పుట్టి, రంగూన్ వెళ్ళి వ్యాపారంలో గడించి, ఆస్తి చదువులకీ ధర్మానికీ రాసేసిన మనిషి. ఎం.ఎస్.ఎన్. స్కూలు, కాలేజీ ఆయన పేరుతోనే ఉన్నాయి. ఈ ఊరి చదువుకి పునాది రాళ్ళు వేసింది రాజులూ, షావుకార్లూ, ప్రిన్సిపాళ్ళూ. వాళ్ళ విగ్రహాలకి దండలు పడుతున్నాయి. ఇప్పుడు రోజువారీ ఆ చదువుని మోస్తున్నవాళ్ళ సంగతి చెప్పాలి.

మధ్యాహ్నం మామ్మగారి వీధి చివర మెస్సులో తిన్నాను. మెస్సు అంటే ముందు వాటా గది, అందులో నాలుగు బల్లలు. వెనక వంటిల్లు. నడిపేది పి.గన్నవరం వైపు నుంచి వచ్చిన ఒక ఆవిడ. కొబ్బరి ధర పడిపోయిన ఏడు భర్తతో కలిసి కాకినాడ వచ్చేశారట. పిల్లలందరూ ఆవిడని "ఆంటీ" అంటారు, ఆవిడ అందరినీ "నాన్నా" అంటుంది. ఆ రోజు ముద్దపప్పు, గోంగూర, బెండకాయ వేపుడు, ములక్కాడ చారు, గడ్డపెరుగు. ఒక కుర్రాడు వేపుడు రెండోసారి అడిగితే, "వేపుడు అయిపోయింది గానీ, పప్పులో నెయ్యి వేస్తాను తిను" అని వేసింది.

బల్ల పక్కన మేకుకి వేలాడుతున్న ఖాతా పుస్తకం చూపించమని అడిగాను. మొహమాటపడుతూనే ఇచ్చింది. పొడుగు నోట్‌బుక్కు, అట్ట మీద పసుపు, నూనె మరకలు. పేజీకి ఒకరు. చాలా పేజీల పైన పేర్లుండాల్సిన చోట గుర్తులున్నాయి: "పొడుగబ్బాయి ట్రిపుల్ఈ", "కళ్ళజోడు పాప మెడికల్", "తుని అన్నదమ్ములు", "ఎస్ఐ కోచింగ్ తమ్ముడు". ఒక్కో పూటకి ఒక గీత. నెల ఆఖరికి లెక్క. కొన్ని పేజీల్లో గీతలు నెల దాటి రెండో నెలలోకి పోయాయి. "స్కాలర్‌షిప్ డబ్బులు పడలేదండి. పడగానే ఇస్తారు" అంది. ఇవ్వకపోతే? "ఒకరిద్దరు ఇవ్వరు. ఉద్యోగం వచ్చాక ఆరేడేళ్ళకి వచ్చి ఇచ్చినవాళ్ళూ ఉన్నారండి. ఆయ్, నిజం." ఎవరైనా వరసగా రెండు పూటలు రాకపోతే ఆవిడ ఫోన్ చేస్తుంది. బాకీ అడగడానికి అనుకుని కొత్తవాళ్ళు ఫోన్ ఎత్తరట. జ్వరమొచ్చి పడుకున్న పిల్లలకి క్యారేజీలో జావ పంపించడం కూడా ఆ పుస్తకంలో ఉంది, గీత లేకుండా.

కాలేజీ ర్యాంకింగులు పేపర్లో వేస్తారు. పిల్లలకి రెండు నెలలు అప్పు మీద అన్నం పెట్టిన మెస్సుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గవర్నమెంటు వాళ్ళు ఇళ్ళ పథకాలూ, రుణాలూ ఎన్నో పెడుతున్నారు. విద్యార్థులకి వండిపెట్టే ఇలాంటివాళ్ళకి తక్కువ వడ్డీకి కాస్త పెట్టుబడి ఇప్పిస్తే, స్కాలర్‌షిప్ ఆలస్యమైన ప్రతిసారీ ఈవిడ బంగారం తాకట్టు పెట్టక్కర్లేదు. అవును, పెట్టింది. కిరాణా కొట్టు బాకీ తీర్చడానికి.

చీకటి పడే వేళకి కర్రీ పాయింట్లు మొదలవుతాయి. ఈ పేట స్వభావం చూడాలంటే ఏడు గంటలకి అక్కడ నిలబడాలి. బల్ల మీద వరసగా స్టీలు గిన్నెలు. పప్పు, సాంబారు, దోసకాయ కూర, చిక్కుడుకాయ వేపుడు, పనసపొట్టు, గుడ్డు పులుసు, కోడికూర. చిన్న కవర్లో గరిటెడు పోసి, గాలి పట్టించి, మూతి దారంతో గిర్రున తిప్పి కట్టేస్తాడు కొట్టతను. కట్టు ఎప్పుడూ జారదు. పిల్లలు రెండు కవర్లు వేలికి తగిలించుకుని గదులకి వెళ్తారు. అక్కడ రైస్ కుక్కర్లో ఇంటి బియ్యం ఉడుకుతుంటాయి. అన్నం ఇంటిది, కూర పేటది. ఆ వేళప్పుడు ఏ వీధిలో నడిచినా మేడల మీద నుంచి ఒకటే వాసన, కొత్తగా వార్చిన అన్నంలాంటి కమ్మటి ఆవిరి. రాజోలు, మండపేట, రామచంద్రపురం, పెద్దాపురం, ఏ ఊరి చేల వడ్లు ఏ గదిలో ఉడుకుతున్నాయో! మా పిల్లలిద్దరూ ఆ రాత్రి మొదటిసారి కుక్కర్ పెట్టారు. నీళ్ళెక్కువై మెత్తబడింది. అయినా గిన్నె ఖాళీ చేశారు.

గురువారం

నిన్న రాత్రి ఒక సంగతి రాయలేదు. కర్రీ పాయింటు నుంచి మామ్మగారింటికి వచ్చే సందులో రెండు స్తంభాలకి లైట్లు లేవు. వర్షపు నీళ్ళు నిలిచి ఉన్నాయి. అమ్మాయిలు ఆ సందు దగ్గరకి రాగానే ఫోన్ టార్చి వేసుకుని, మాట మానేసి, గబగబా నడిచారు. అబ్బాయిలు టీ బడ్డీ దగ్గర పదింటి దాకా కబుర్లు చెప్పుకుంటారు. అమ్మాయిల హాస్టళ్ళ గేట్లు ముందే మూసేస్తారు. లైబ్రరీలో చదువుకుంటూ కాస్త ఆలస్యమైతే వార్డెన్‌కి సంజాయిషీ చెప్పాలి. పేట పిల్లలందరిదీ అంటాం కానీ, ఎనిమిది దాటాక సగం మందికే మిగులుతుంది.

ఇదే ఊళ్ళో 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ జరిగింది. ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరుపడ్డావిడ), టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపింది. ఆ కథ మామ్మగారికి బాగా ఇష్టం. "ఆ పిల్ల గేటు బయట నిలబడి నెహ్రూని ఆపింది. మన పిల్లలు గేటు లోపల ఉన్నారు" అన్నారు పొద్దున్న కాఫీ తాగుతూ. ఆ మాటతో మేడ మీది అమ్మాయిలందరినీ కిందికి పిలిచాం.

మెడికల్ అమ్మాయి కాగితం రాసింది. చేతిరాత గుండ్రంగా ఉంది. సందు ఎక్కడ, స్తంభాల నంబర్లు ఏమిటి, ఎన్నాళ్ళ నుంచి వెలగడంలేదు, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి. అన్నీ వివరంగా. పక్క హాస్టళ్ళకి పట్టుకెళితే పేజీ నిండా సంతకాలు వచ్చాయి. మెస్సు ఆంటీ కూడా పెట్టింది. మామ్మగారు చెయ్యి వణుకుతున్నా పూర్తి పేరు తెలుగులో రాశారు.

వార్డు సచివాలయానికి నేను తోడుగా వెళ్ళాను గానీ, మాట్లాడింది అమ్మాయిలే. అక్కడి ఉద్యోగి కుర్రాడు, బహుశా ఇతనూ ఒకప్పుడు ఈ పేటలోనే పరీక్షకి చదివి ఉంటాడు, కంప్యూటర్లో ఎక్కించి రసీదు ఇచ్చాడు. "నీళ్ళ సంగతి ఇంజనీరింగు వాళ్ళకి పంపాలమ్మా, లైట్లు నేను ఫాలో అప్ చేస్తాను" అన్నాడు. మొన్న మెట్ల దగ్గర కలిసిన అమ్మాయి రసీదు నంబరు ఫోటో తీసుకుని, "ఎన్ని రోజుల్లో సార్?" అని అడిగింది. అతను ఒక తేదీ చెప్పాడు. ఆ తేదీ కూడా రాసుకుంది.

మధ్యాహ్నం బస్సుకి నేను అమలాపురం వచ్చేశాను. చెప్పిన తేదీ దాటాక మేనకోడలు ఫోన్ చేసింది. సందులో ఒక లైటు వెలిగింది, రెండోదానికి బల్బు కాదు, వైరే మార్చాలట. రసీదు పట్టుకుని శనివారం మళ్ళీ వెళ్తున్నారు. ఈసారి మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసుకే వెళ్తారట, కాగితం మీద ఇంకో రెండు హాస్టళ్ళ సంతకాలు చేరాయి. బియ్యం దసరా దాకా వస్తాయి, అప్పుడు ఇంకో మూట పంపితే చాలని వాళ్ళ నాన్నకి చెప్పమంది.